అడుగు నుంచి పైకి

కట్టు విప్పాక నర్సమ్మ లోపల కూరిన గాజ్ గుడ్డ కొసను ఫోర్సెప్స్‌తో పట్టుకుని మెల్లగా లాగడం మొదలుపెట్టింది. అది వస్తూనే ఉంది. తిరనాళ్లలో గారడీవాడు నోట్లోంచి రంగు రిబ్బను లాగుతుంటే, ఇక అయిపోయిందనుకున్న ప్రతిసారీ ఇంకో బారెడు వస్తుందే, అలాగ. మా అమ్మ గోడవైపు తిరిగి పళ్లు బిగబట్టుకుంది. గుడ్డంతా వచ్చేశాక కనిపించిన గుంటలో నా బొటనవేలు మొత్తం పడుతుంది.

"దీనికి మళ్లీ కుట్లు వెయ్యరా సిస్టర్?" అని అడిగాను.

"ఇప్పుడు వెయ్యరు సార్. అడుగు నుంచి పైకి పూడుకుంటూ రావాలి. పైన ముందే మూసుకుపోయిందనుకోండి, కథ మళ్లీ మొదటికొస్తుంది."

ఆ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి 81 రోజులు పట్టింది.

అమ్మకు 63 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగరు. కడుపునొప్పిని గ్యాసనుకుని రెండు రోజులు వాము నీళ్లతో నెట్టుకొచ్చింది. ఈలోపు అపెండిక్స్ లోపలే పగిలింది. రాత్రికి రాత్రి పొట్ట కోయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది, ఆరో రోజు తెనాలిలో మా ఇంటికి తీసుకొచ్చేశాం. మర్నాటికే కుట్ల చుట్టూ కందిపోయి, సలుపు మొదలై, సాయంత్రానికి ఒళ్లు కాలింది. ఎనిమిదో రోజు డాక్టరుగారు నాలుగు కుట్లు తీసేసరికి చీము కారింది. కడిగి, గాయాన్ని నోరు తెరిచే వదిలేసి, "రోజూ డ్రెస్సింగ్ చేయించుకోండి, మానుతుంది" అన్నారు. మా ఇంటిల్లిపాదికీ అది చేతులెత్తేసినట్టు కనిపించింది. కోసినవాళ్లు కుట్టి పంపాలి గదా! గుంట పెట్టి పంపడమేమిటి?

గాయం మానే దారులు రెండని వైద్యులు గాలెన్ కాలం నుంచీ చెబుతున్నారు. శుభ్రంగా తెగిన అంచులు రెంటినీ దగ్గరకు చేర్చి కుడితే మధ్యలో ఖాళీ ఉండదు, వెంట్రుకంత సందు అతుక్కుంటే చాలు. రెండు మూడు రోజుల్లో పైచర్మం ఆ సందును దాటేస్తుంది. ఇది మొదటి దారి. గాయంలో చీముంటే ఆ దారి మూసుకుపోయినట్టే, ఎందుకంటే కుట్టేస్తే క్రిములను సంచిలో వేసి మూతి కట్టినట్టవుతుంది. అప్పుడు రెండో దారి: తెరిచి ఉంచడం. అక్కడ గుంటను కొత్త కండతో నింపాలి, ఆ కండను ఒళ్లే తయారు చేసుకోవాలి. పై చర్మం చివరి పని. లోపల వదులుగా గాజ్ పెట్టేది కూడా అందుకే. పూడకముందే పైఅంచులు కలిసిపోకుండా, లోపలి రసి బయటకు పీల్చుకొచ్చేలా. బిగించి కూరితే మళ్లీ తప్పే, లేత కండకు రక్తం అందదు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదేనని నర్సమ్మ చెప్పింది. నేను మొదటిసారి చేసినప్పుడు ఆమె నవ్వి, సగం గుడ్డ బయటకు లాగేసింది.

గుంటలో జరిగే పనిని ఇల్లు కట్టడంతో పోల్చడం మామూలే. నాకు మాత్రం వానలకు కొట్టుకుపోయిన చేను మళ్లీ సాగులోకి రావడంతో పోల్చడం బాగుంటుందనిపిస్తుంది. ముందు గండి పూడ్చాలి. రక్తంలోని ప్లేట్‌లెట్లు నిమిషాల్లో ఆ పని చేస్తాయి. ఫైబ్రిన్ దారాలు వల అల్లుతాయి, రక్తం గడ్డకడుతుంది. తర్వాత చెత్త ఎత్తాలి. కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా దిగి, క్రిములను మింగి, ఆ పనిలోనే చచ్చిపోతాయి. మనం చీము అనేది చాలామటుకు వాటి శవాలే. రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు వస్తాయి. ఇవీ మింగే కణాలే, కానీ వీటి అసలు హోదా మేస్త్రీది. చచ్చిన కణాలను ఎత్తిపోయడంతోపాటు, ఎక్కడ కొత్త రక్తనాళం మొలవాలో, ఎప్పుడు కండ పని మొదలవ్వాలో రసాయనాలతో కబురు పంపేవి ఇవే. 1975లో లీబోవిచ్, రాస్ అనే ఇద్దరు గినీపిగ్‌లలో ఈ మాక్రోఫేజ్‌లను బాగా తగ్గించి చూశారు. చెత్త అలాగే ఉండిపోయింది, కొత్త కండ పనీ వెనకబడింది. అంతకుముందు న్యూట్రోఫిల్స్‌ను తగ్గించి చూస్తే, క్రిములు లేని గాయం మానడంలో పెద్ద తేడా రాలేదు. కూలీలు తక్కువైతే పని ఎలాగో నడిచింది, మేస్త్రీ లేకపోతే కుంటుపడింది.

ఆ తర్వాత నాట్లు. ఈ పోలిక నాది కాదు, మన భాషలోనే ఉంది. సుశ్రుతుడి గ్రంథంలో చికిత్సాస్థానం మొదటి అధ్యాయం పుండ్ల గురించే. వాటికి 60 ఉపక్రమాలు చెప్పాడు. అందులో శోధనం వేరు, రోపణం వేరు. శోధనమంటే కడగడం, కుళ్లు తీయడం. రోపణమంటే మాన్పడం. ఆ మాటకు నాటడమనే అర్థం కూడా ఉంది. దమ్ము చేసే రోజులు, నాటే రోజులు ఒకటి కావని తెలిసిన రైతు నాటిన మళ్లో మళ్లీ నాగలి దించడు. ఇంట్లో గాయాన్ని చూసుకునేవాళ్లు సరిగ్గా అక్కడే తప్పుతారు. మేమూ తప్పాం.

మొదటి కొద్ది రోజులు డ్రెస్సింగ్‌కు మా వీధి చివర కాంపౌండరు వచ్చేవాడు. హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా వంచేవాడు. గుంటంతా బుసబుసా తెల్లగా పొంగేది. చూడ్డానికి ఎంత తృప్తో! క్రిములన్నీ చస్తున్నట్టే ఉండేది. నిజానికి ఆ నురగకూ క్రిములు చావడానికీ పెద్దగా సంబంధం లేదు. మన రక్తంలో, కణాల్లో ఉండే కెటలేజ్ అనే ఎంజైమ్ తగలగానే పెరాక్సైడ్ నీళ్లుగా, ఆక్సిజన్‌గా విరిగిపోతుంది. ఆ ఆక్సిజన్ బుడగలే నురగ. గాయంలో ఏ క్రిమీ లేకపోయినా పొంగుతుంది. పైగా క్రిమికీ, అప్పుడే మొలిచిన ఫైబ్రోబ్లాస్ట్ కణానికీ తేడా దానికి తెలియదు. చిక్కటి అయొడిన్ మందూ అంతే. చీమున్నప్పుడు, ఆపరేషన్‌కు ముందు చర్మం తుడిచేటప్పుడు దాని విలువ దానికుంది. ఎర్రటి కండ మొలిచాక రోజూ పోస్తే అది కలుపుతోపాటు నారునూ కాల్చే మందు. డాక్టరుగారు పంపిన నర్సమ్మ వచ్చిన మొదటిరోజే పెరాక్సైడ్ సీసాను కిటికీలోంచి తీసి కింద పెట్టించింది. ఆమె వాడింది సెలైన్ నీళ్లు మాత్రమే. ఉప్పు నీళ్లకు ఇంత డబ్బెందుకని మా పెద్దమ్మ వారంపాటు సణిగింది.

తడి సంగతి ఇంకో పేచీ. గాయానికి నీళ్లు తగలకూడదు, గాలి తగలాలి, ఎండి పక్కు కట్టాలి అన్నది మనలో పాతుకుపోయిన నమ్మకం. మా అమ్మ చీర పక్కకు తీసి ఫ్యాను కింద పడుకుంటానని పట్టుపట్టింది. ఈ నమ్మకం మనకొక్కరికే కాదు, 1962 వరకు చాలామంది డాక్టర్లదీ అదే. ఆ ఏడు జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త 'నేచర్' పత్రికలో ఒక చిన్న ప్రయోగం అచ్చువేశాడు. పందుల వీపు మీద లోతు తక్కువ గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలాడు, కొన్నిటిని పాలిథీన్ పొరతో కప్పి తడి ఆరకుండా ఉంచాడు. కప్పిన గాయాల మీద పైచర్మం దాదాపు రెండింతల వేగంతో పరుచుకుంది. కారణం కణాల నడకలోనే ఉంది. చర్మకణాలు గాయం అంచు నుంచి బయల్దేరి తడి నేల మీదే పాకగలవు. పైన పక్కు గట్టిపడి ఉంటే దాని కింద తడి ఎక్కడుందో వెతుక్కుంటూ, దారికడ్డమైన దాన్ని ఎంజైమ్‌లతో కరిగించుకుంటూ పోవాలి. పక్కు కట్టడం మానడానికి గుర్తని మనమనుకుంటాం. ఆ కణాలకు మాత్రం అది దారిలో కూలిన గోడ.

(పందులే ఎందుకంటే, ఎలుక చర్మం మన చర్మంలా మానదు. దాని చర్మం కింద ఒక పల్చటి కండరం పొర ఉంది, గాయాన్ని సంచి మూతిలా చప్పున ముడుచుకుంటుంది. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన మందు మనుషుల దగ్గర తెల్లమొహం వేయడానికి ఇదొక కారణం. మాన్పే మందు ప్రకటన చూసినప్పుడు ఏ జంతువులో చూశారని అడగడం మంచి అలవాటు.)

తడి అంటే కారుతూ ఉండాలని కాదు. చుట్టూ ఉన్న మంచి చర్మం నాని తెల్లబడితే అదీ చెరుపే. పిండేసిన గుడ్డంత చెమ్మ చాలు. ఎండి అతుక్కుపోయిన గాజ్‌ను చటుక్కున లాగితే నిన్న మొలిచిన కణాలన్నీ గుడ్డతో వచ్చేస్తాయి. అందుకే నర్సమ్మ సెలైన్ పోసి, రెండు నిమిషాలాగి, అప్పుడు లాగేది. ఆ రెండు నిమిషాలు ఆమె మా అమ్మను మాటల్లో పెట్టేది. పక్కింటివాళ్ల పెళ్లిళ్ల దగ్గర్నుంచి పసుపు రేటు దాకా.

పసుపు అన్నాను గనక ఆ మాటా చెప్పాలి. పెద్దమ్మ గుంటలో పసుపు అద్దుదామంది. 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి గాయాలకు పసుపు వాడకం మీద పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసి, పాత గ్రంథాలు చూపించి, 1997లో రద్దు చేయించింది. మంచి గెలుపు. అయితే ఆ కేసులో రుజువైంది ఇది కొత్త సంగతి కాదని మాత్రమే. పొట్ట మీద అంగుళంన్నర లోతు గుంటలో వంటింటి పసుపు పోయొచ్చని ఎవరూ తేల్చలేదు. వంటింటి డబ్బాలోని పొడిలో క్రిముల బీజాలుంటాయి. అన్నిటికన్నా మించి, గుంటంతా పచ్చబడితే లోపలి రంగు కనిపించదు. ఇంట్లో గాయం చూసేవాళ్లకున్న పెద్ద పరికరం ఆ రంగే.

నల్లగా ఉంటే చచ్చిన చర్మం. పసుపు కలిసిన తెలుపుతో, జిగటగా, తుడిచినా రాకుండా అంటుకున్నది చీము కాకపోవచ్చు, అది చచ్చిన కణాలూ ఫైబ్రిన్ కలిసిన పొర. మేం దాన్ని చూసి రెండుసార్లు డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన కొంచెం గీకి, మిగతాది దానంతటదే ఊడుతుందన్నారు. మూడో వారంలో ఒకరోజు గుడ్డ తీశాక నర్సమ్మ "రండి సార్, చూడండి" అని పిలిచి టార్చి వేసింది. గుంట అడుగున దానిమ్మ గింజలు పరిచినట్టు ఎర్రగా, తడిగా, గరుకుగా మెరుస్తోంది. ఒక్కో గింజా కొత్తగా మొలిచిన సన్నటి రక్తనాళాల చుట్ట. వాటి చుట్టూ ఫైబ్రోబ్లాస్ట్‌లు కొల్లాజెన్ నేస్తుంటాయి. గుడ్డ తగిలితే చాలు రక్తం చెమర్చింది. అమ్మ మాత్రం కదల్లేదు. ఆ లేత కండలో ఇంకా నరాలు మొలవలేదు మరి, నొప్పంతా చుట్టూ ఉన్న అంచులదే. "కండ పడుతోంది పిన్నిగారూ" అంది నర్సమ్మ. ఆ రోజు మా ఇంట్లో పండగే.

ఇక తిండి. అసలు యుద్ధం ఇక్కడే జరిగింది.

గాయం మానాలంటే తిండి మానాలన్నది మన ఇళ్లలో సిద్ధాంతం. పెద్దమ్మ ఒక నిషేధాల జాబితాతో దిగింది. కందిపప్పు తింటే చీము పడుతుంది. వంకాయ దురద. గోంగూర సరేసరి. పులుపు తగలకూడదు, కాబట్టి నిమ్మకాయ వద్దు. గుడ్డు వేడి. పెరుగు రాత్రిపూట చెరుపు. మిగిలింది బీరకాయ, సొరకాయ, చారన్నం, కాఫీ. పొట్ట కోసిన తొలి రెండు మూడు రోజులు పేగులు కుదురుకునేదాకా తేలిక తిండి మంచిదే, పథ్యానికి ఆ మేరకు అర్థముంది. నెల్లాళ్లు అదే పెడితే? ఒకరోజు కూర్చుని లెక్కవేశాను. రోజంతా కలిపి పావుకిలో బియ్యం, అందులో ప్రొటీన్ 20 గ్రాముల చిల్లర. కాఫీల్లో పాలు, పల్చటి మజ్జిగ కలిపి మరో 8, 9. మొత్తం 30 దాటలేదు. అమ్మ బరువు 58 కిలోలు. మామూలు మనిషికే కిలోకు 0.83 గ్రాములు కావాలని హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే 48. ఇలాంటి గాయం ఉన్నవాళ్లకు 1.25 నుంచి 1.5 దాకా సూచిస్తారు. అంటే 72 నుంచి 87. పైగా రోజూ గుడ్డకు పీల్చుకుపోయే రసిలో పోయేదీ ప్రొటీనే. కొల్లాజెన్ ప్రొటీన్, తెల్లకణాలు ప్రొటీన్, ఎంజైమ్‌లు ప్రొటీన్. ఇటుక లారీని వీధి మొదట్లోనే ఆపేసి, గోడ లేవడం లేదేమిటా అని మేం తలలు పట్టుకుంటున్నాం. పప్పుకూ చీముకూ రంగు తప్ప చుట్టరికమేమీ నాకు కనిపించలేదు.

పులుపు మీద నిషేధం ఇంకా అన్యాయం. కొల్లాజెన్ మూడు పేటల తాడు. పేటలు గట్టిగా పెనవేసుకోవాలంటే అందులోని ప్రోలిన్, లైసిన్‌లకు చిన్న రసాయన ముడి పడాలి, ఆ ముడి వేసే ఎంజైమ్‌లకు విటమిన్ సి, ఆక్సిజన్ రెండూ కావాలి. దీన్ని తన ఒంటి మీదే తేల్చుకున్నవాడు జాన్ క్రాండన్ అనే బోస్టన్ యువ సర్జన్. 1939లో పళ్లు, కూరగాయలు, పాలు పూర్తిగా మానేశాడు. మూడు నెలలకు తన వీపు మీద కోయించుకున్న గాయం మామూలుగానే మానింది. ఆరు నెలలకు మళ్లీ కోయించుకున్నాడు. పది రోజుల తర్వాత చూస్తే పైచర్మం కింద మానిన జాడే లేదు. విటమిన్ సి ఎక్కించడం మొదలుపెట్టి మరో పది రోజులకు చూస్తే కొల్లాజెన్ చక్కగా పడింది. పైకి మూసుకున్నట్టుండి లోపల అతకని గాయం! నర్సమ్మ మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అంతకన్నా గగుర్పాటు కలిగించేది అంతకు రెండు వందల ఏళ్ల ముందటి కథ. 1740లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన కమడోర్ ఆన్సన్ నౌకాయాత్రలో నావికులు స్కర్వీతో గుట్టలుగా చచ్చారు. వాళ్లలో ఒక ముసలి సైనికుడికి 1690లో బోయ్న్ యుద్ధంలో తగిలిన గాయాలు, ఎప్పుడో మానిపోయినవి, ఏభై ఏళ్ల తర్వాత మళ్లీ తెరుచుకున్నాయని ఆ యాత్రా గ్రంథం చెబుతోంది. మచ్చ అంటే పూర్తయిన పని అనుకుంటాం. కాదు. అక్కడ పాత కొల్లాజెన్ కరుగుతూ, కొత్తది పడుతూ బతికినన్నాళ్లూ మరమ్మతు నడుస్తుంది. సరుకు ఆగితే మరమ్మతు ఆగుతుంది, కరగడం మాత్రం ఆగదు.

ఈ కథ పెద్దమ్మకు చెబితే "వాడెవడో ఓడలో పోయేవాడికీ నా చెల్లెలికీ ఏంటి సంబంధం?" అంది. చివరికి రాజీ కుదిరింది శాస్త్రం వల్ల కాదు, చలవ వేడి లెక్కల వల్లే. కంది వేడి సరే, పెసర చలవే గదా! పెద్దమ్మకు కాదనడానికి దారి దొరకలేదు. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పెసరపప్పు, దించాక పిండిన నిమ్మకాయ (ఉడికిస్తే విటమిన్ సి చాలావరకు పోతుంది). రోజుకు ఒక జామకాయ, దాంట్లో విటమిన్ సి నారింజకు మూడు నాలుగు రెట్లు. రెండు గుడ్లు, వేడి తగ్గడానికి మజ్జిగతో. వారానికి రెండుసార్లు కొర్రమీను, దానికి పెద్దమ్మ తనంతట తానే ఒప్పుకుంది. లెక్క 70 దాటింది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఈ లెక్క డాక్టరుకు చూపించకుండా మొదలుపెట్టకూడదు.

షుగరు గురించి పొడిగించను, అందరికీ తెలిసిందే. తెలియనిదల్లా ఎందుకన్నదే. రక్తంలో చక్కెర 200 పైన తిరుగుతుంటే న్యూట్రోఫిల్స్ మందకొడిగా నడుస్తాయి, క్రిమిని పట్టినా చంపలేవు. డాక్టరుగారు మాత్రలు ఆపి కొన్నాళ్లు ఇన్సులిన్ పెట్టారు. ఇన్సులిన్ అంటే ఇక ఆఖరిదశ అనుకుని అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. బీడీ, సిగరెట్ ఉన్న ఇంట్లో అయితే వాటి సంగతి కూడా అంతే ముఖ్యం. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది.

"ఇంకా పవర్ ఉన్న యాంటీబయాటిక్ రాయమనండి" అని ఫోన్లు చేసినవాళ్లకు లెక్కలేదు. తెరిచిన గాయంలో క్రిములు ఎప్పుడూ ఉంటాయి, దూదిపుల్లతో తీసి ల్యాబుకు పంపితే ఏదో ఒక పేరు రాకమానదు. అవి అక్కడ ఉండటం వేరు, లోపలికి చొచ్చుకుపోవడం వేరు. చొచ్చుకుపోతున్నప్పుడే మందు. గుంటను పూడ్చే మాత్ర ఏదీ లేదు.

నాలుగో వారానికి ఇంట్లో నిరాశ కమ్మింది. "అలాగే ఉందిరా, అంగుళం తగ్గలేదు" అనేది అమ్మ, అద్దం పెట్టి చూసుకుని. నిజమే, పైనుంచి చూస్తే అలాగే ఉంది. ఇక్కడ నన్ను ఆదుకున్నవాడు మొదటి ప్రపంచయుద్ధం నాటి ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త. కంపియేన్ సైనికాసుపత్రిలో అలెక్సిస్ కారెల్ దగ్గర పనిచేసిన లెకాంత్ ద్యు నుయీ, సైనికుల గాయాల మీద పారదర్శకంగా ఉండే కాగితం పరిచి, అంచు గీసి, వైశాల్యం కొలిచి, ఆ తగ్గుదలకు 1916లో ఒక సూత్రం కట్టాడు. గాయం పెద్దదైతే ఎంత ఆలస్యం, వయసు పెరిగితే ఎంత ఆలస్యం అన్నది అందులో ఉంది. ఇన్ని రోజులకు ఇంత తగ్గాలి అన్న గీత కన్నా వెనకబడితే లోపల ఏదో తేడా ఉందన్నమాట. నేను సూత్రం జోలికి పోలేదు. ఆదివారం ఆదివారం గాయం పక్కన స్టీలు స్కేలు పెట్టి, అదే కిటికీ వెలుతురులో ఫోటో తీశాను. లోతు మాత్రం నర్సమ్మ కొలిచేది. మొదటి వారం పొడవు ఆరున్నర సెంటీమీటర్లు, లోతు నాలుగు. నాలుగో వారం పొడవు ఆరు, లోతు రెండు. అమ్మ చూసింది పొడవును, పని జరుగుతున్నది లోతులో! బావి పూడ్చేటప్పుడు ఒడ్డు మీద నిలబడ్డవాడికి చాలా రోజులు గొయ్యే కనిపిస్తుంది.

ఆరో వారం నుంచి కథ తిరగబడింది. గుంట నిండాక అంచులు ఒకదానివైపు ఒకటి జరగడం మొదలైంది. కొన్ని ఫైబ్రోబ్లాస్ట్‌లు కండరంలా కుంచించుకునే శక్తి తెచ్చుకుంటాయి. 1971లో గాబియాని, రయాన్, మాయ్నో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వీటిలో కండర తంతువుల్లాంటివి చూశారు, తర్వాత మయోఫైబ్రోబ్లాస్ట్‌లన్న పేరు స్థిరపడింది. రోజుకు ఒక మిల్లీమీటరైనా ఉండదు ఆ లాగుడు. పొట్ట చర్మం వదులు కాబట్టి సులువుగా వచ్చింది, మోకాలి కింద ఎముక మీద చర్మమైతే ఇంత తేలిగ్గా కదలదు. ఫోటోల్లో పొడవు మెల్లగా ఆరు నుంచి నాలుగున్నరకు, ఆపైన మూడుకు దిగింది. దురద కూడా అప్పుడే మొదలైంది. గోళ్లు తీయించి, అంచుల మీద తడిగుడ్డ ఒత్తుకోమంది నర్సమ్మ.

ఈ 81 రోజుల్లో మేం మర్చిపోయిన మనిషి ఒకరున్నారు. రోజూ నాలుగింటికి లేచి, వంట చేసి, అత్తగారిని పక్కకు తిప్పి లేపి, గుడ్డలు మార్చి, ఆఫీసుకు పోయి వచ్చింది నా భార్య. 1995లో ఓహైయోలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం మతిమరుపు జబ్బున్న బంధువులను చూసుకుంటున్న 13 మంది స్త్రీలనూ, అదే వయసున్న వేరే 13 మందినీ తీసుకుని, ముంజేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల గాయం చేసి మానేదాకా చూసింది. చాకిరీ చేసేవాళ్ల గాయాలు సగటున తొమ్మిది రోజులు ఆలస్యంగా మానాయి. మనోవ్యథ రోగిదే కానక్కర్లేదన్నమాట. ఇది చదివిన రాత్రి నా భార్య వేలి మీద వారం నాటి కత్తిగాటు ఇంకా పచ్చిగా ఉండటం గమనించాను. మర్నాటి నుంచి పొద్దుటి వంట నాది. ఉప్పు ఎక్కువైందని పెద్దమ్మ అంది.

ఎప్పుడు కంగారుపడాలో నర్సమ్మ మాకు మొదటిరోజే చెప్పింది, క్యాలెండరు వెనక రాసి పెట్టాను. ఎరుపు అంచు దాటి పాకడం, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరగడం, 100.4 దాటిన జ్వరం, కొత్తగా దుర్వాసన, ఆగని రక్తం. ఒకటి మాత్రం ఎర్ర సిరాతో: పొట్ట ఆపరేషన్ అయిన తొలి రెండు వారాల్లో ఉన్నట్టుండి గులాబీ రంగు నీళ్లు కట్టు తడిసేలా కారితే, లోపలి పొర విచ్చుకుంటోందేమో. అప్పుడు కట్టు విప్పి చూస్తూ కూర్చోకూడదు, అర్ధరాత్రైనా సరే బయల్దేరాలి.

చర్మం కలిసిపోయిన రోజున అమ్మ నిండు బిందె ఎత్తబోయింది. వెనకనుంచి అరిచాను. మూడు వారాల గాయం బలం మామూలు చర్మంలో అయిదో వంతు. మూడు నెలలకు ఎనభై శాతం చేరొచ్చు, ఆ పైన ఎన్నాళ్లైనా నూటికి నూరు రాదు. తొందరలో పేర్చిన మూడో రకం కొల్లాజెన్‌ను తీసేసి, గట్టి ఒకటో రకాన్ని వేసుకుంటూ ఒళ్లు ఏడాది పైగా పనిచేస్తుంది. మచ్చ మొదట ఎర్రగా, ఉబ్బుగా ఉండి తర్వాత తెల్లబడి చదునవడం ఆ పని ఆనవాళ్లే. దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకోవడం, మంచం మీంచి తిన్నగా లేవకుండా పక్కకు తిరిగి చెయ్యి ఊని లేవడం అమ్మకు అలవాటైపోయాయి. ఇప్పటికీ అలాగే లేస్తుంది.

మొన్న పెద్దమ్మ మనవడికి హెర్నియా ఆపరేషనైంది. ఫోన్లో పెద్దమ్మ గొంతు మా హాల్లోకి వినిపించింది: "కందిపప్పు ముట్టుకోనీకే. పెసరపప్పు పెట్టు, గట్టిగా. దించాక నిమ్మకాయ పిండు. జామకాయ తినమను. మా చెల్లెలికి నేనిదే పథ్యం పెట్టి మాన్పించా!"

అమ్మ నావైపు చూసి నోటి మీద వేలు పెట్టుకుంది.